ఇసుక నుంచి రోటర్ దాకా: భీమిలి, కోయంబత్తూరు, హోసూరు

ఆదివారం, భీమిలి

విద్యుత్ వాహనం మోటారు ఎక్కడ తయారవుతుందని అడిగితే చాలామంది హోసూరు అనో, పుణె అనో చెబుతారు. నేను మొదట భీమిలి వెళ్లాను. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పేవాణ్ని కాబట్టి మోటారు బొమ్మ గీసి విడదీసి చూపించడం నాకు రోజువారీ పని. అందులోని ఒక్కొక్క ముక్క ఏ ఊళ్లో, ఎవరి చేతుల మీదుగా వస్తుందో కళ్లారా చూసి పిల్లలకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. ఈ సెలవుల్లో కుదిరింది. లోహశాస్త్రం చెప్పే మిత్రుడొకరు మొదటి రెండు రోజులూ తోడు వచ్చారు.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, అల వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డున నల్లటి చారలు తేలతాయి. పాత హబ్ మోటారులోంచి (స్కూటరు చక్రంలోనే ఉండే మోటారు) ఊడదీసిన అయస్కాంతం ముక్కను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ ఇసుకలో తిప్పాను. నల్ల రేణువులు గుత్తులుగా అంటుకున్నాయి. ఇలా అంటుకునేవి ఎక్కువగా మాగ్నెటైట్, ఇల్మనైట్. అంటుకోకుండా మిగిలిన ఇసుకను మిత్రుడు భూతద్దంలో చూపించారు: తెల్లటి స్ఫటికం, ఎర్రటి గార్నెట్, అక్కడక్కడ తేనెరంగు రేణువులు. మోనజైట్ రంగు అదే, కానీ కంటిచూపుతో ఖాయం చేయకూడదు, పరీక్ష చేయాలి అన్నారాయన. మోటారు అయస్కాంతాలకు కావలసిన నియోడిమియం ఆ మోనజైట్‌లోనే ఉంటుంది. మామూలు అయస్కాంతానికి అది లొంగదు. ఇసుక శుద్ధి చేసే చోట చాలా బలమైన అయస్కాంత యంత్రాలూ, అధిక వోల్టేజీ యంత్రాలూ పెట్టి దాన్ని వేరు చేస్తారు.

మన దేశంలో 1.3 కోట్ల టన్నులకు పైగా మోనజైట్ ఉందని అణు ఖనిజ సంచాలక సంస్థ అంచనా. రాష్ట్రాలవారీగా చూస్తే అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరానిదే. అయినా దీన్ని ఎవరు పడితే వారు తవ్వడానికి వీల్లేదు, ఎందుకంటే మోనజైట్‌లో థోరియం ఉంటుంది, థోరియం అణు ఇంధనం. ఐఆర్‌ఈఎల్ అనే ప్రభుత్వ సంస్థ ఒడిశాలోని ఛత్రపూర్‌లో, తమిళనాడులోని మనవాళకురిచ్చిలో, కేరళలోని చవరలో ఇసుక తవ్వుతుంది. భీమిలి ఒడ్డున నిలబడి ఇదంతా వింటుంటే ఒక సంగతి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఖనిజం మన కాళ్ల కింద ఉంది, మోటారు చుట్టే చేతులు మన దగ్గర ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన అయస్కాంతం మాత్రం విదేశం నుంచి పెట్టెల్లో వస్తోంది.

సోమవారం, అచ్యుతాపురం

అచ్యుతాపురం దారిలో ఇప్పుడు ఎటు చూసినా ప్రహరీగోడలే. ఇక్కడి బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ఆవరణలో అరుదైన మృత్తిక లోహాల (నియోడిమియం, సమేరియం లాంటివి) శాశ్వత అయస్కాంతాల కర్మాగారం ఉంది. 2023 మే 11న దాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలు. లోపలికి మనలాంటివాళ్లకు ప్రవేశం ఉండదు, నేను ప్రయత్నించలేదు కూడా. అక్కడ తయారయ్యేది సమేరియం-కోబాల్ట్ రకం. వేడిని బాగా తట్టుకుంటుంది, రక్షణ, అంతరిక్ష అవసరాలకు సరిగ్గా సరిపోతుంది. కోబాల్ట్ ధర వల్ల స్కూటరుకూ కారుకూ పెట్టేది కాదు. వాటికి కావలసింది నియోడిమియం-ఇనుము-బోరాన్ రకం. 1980ల ఆరంభంలో జపాన్‌లో సుమిటోమోలో పనిచేసిన మసాటో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన జాన్ క్రోట్ విడివిడిగా కనిపెట్టిన రకం అది.

ఇదే అచ్యుతాపురంలో టొయోటా గ్రూపుకు చెందిన మరో కర్మాగారం ఉంది. ఐఆర్‌ఈఎల్ ఇచ్చే అరుదైన మృత్తికల ముడిసరుకును అక్కడ శుద్ధి చేసి జపాన్‌కు పంపేవారు. 2025 జూన్‌లో ఆ ఎగుమతి ఆపమని ఐఆర్‌ఈఎల్‌ను ప్రభుత్వం కోరిందని పత్రికల్లో వచ్చింది. అంటే ఇంతకాలం మన తీరపు ఇసుకలోని నియోడిమియం మన ఊరి మీదుగానే ఓడెక్కి వెళ్లింది.

తిరుగు బస్సులో మిత్రుడు అయస్కాంతం తయారీ అంతా చెప్పారు. నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిపి కరిగించి పల్చటి రేకులుగా పోస్తారు. ఆ రేకుల్లోకి హైడ్రోజన్ పంపితే అవి తమంతట తామే పిగిలి ముక్కలవుతాయి. ఆ ముక్కలను నైట్రోజన్ వాయువు జోరులో ఒకదానికొకటి కొట్టించి మూడు నుంచి అయిదు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడి చేస్తారు. ఆ పొడికి గాలి తగిలితే అంటుకుని మండుతుంది. దాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి నొక్కితే రేణువులన్నీ ఒకే దిక్కుకు తిరిగి గట్టిపడతాయి. తర్వాత శూన్యపు కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటిన వేడి. ఆ తర్వాత కోత, నునుపు పట్టడం, తుప్పు పట్టకుండా నికెల్ పూత. వీటిలో ఒక్కటీ మనకు తెలియని శాస్త్రం కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్, ఎన్‌ఎఫ్‌టీడీసీ అనే లోహ పరిశోధన ప్రయోగశాలలు ఏళ్ల తరబడి ఈ పని మీద ఉన్నాయి. ప్రయోగశాలలో చేసినదాన్ని టన్నుల లెక్కన, పోటీ ధరకు చేసే కర్మాగారాలే లేవు. 2025 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 7,280 కోట్ల రూపాయల పథకం ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు ఇక్కడే తయారుచేయాలన్నది లక్ష్యం. పదేళ్ల కిందట రావలసిన పథకం ఇది అని నా అభిప్రాయం.

రాత్రి రైలెక్కాను. మంగళవారమంతా రైల్లోనే గడిచింది.

బుధవారం, కోయంబత్తూరు

కోయంబత్తూరులో దిగగానే మోటారు పేరు కనిపించని వీధి ఉండదు. పంపుసెట్లు, గ్రైండర్లు, మిల్లు యంత్రాలు, వాటికి కావలసిన పోతలు పోసే ఫౌండ్రీలు. మన రైతుల బావుల్లో, బోర్లలో తిరిగే మోటార్లలో ఎన్నో ఈ ఊరివే. ఇక్కడి నేల గట్టిది, నీరు లోతున ఉంటుంది. 1930ల ఆరంభంలో నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ ఈ ప్రాంతానికి చేరింది. కరెంటు వచ్చింది, లోతైన బావులు ఉన్నాయి, మిల్లులు పెరుగుతున్నాయి. మోటారు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి?

1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి దేశంలో మొట్టమొదటి స్వదేశీ విద్యుత్ మోటారు తయారుచేశారు. ఇద్దరూ ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలవాళ్లు. 1893లో కలంగల్ అనే పల్లెలో పుట్టిన జి.డి. నాయుడు పెద్దగా చదువుకోలేదు. ఒక మోటారు సైకిల్ కొని, మొత్తం విప్పి, మళ్లీ బిగించి యంత్రం నేర్చుకున్నాడు. 1920లో ఒక్క బస్సుతో పొళ్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. అవినాశి రోడ్డులో ఆయన పేరిట ఉన్న ప్రదర్శనశాలలో పొద్దంతా గడిపాను. బయటికి వస్తే తల మీద పది కిలోమీటర్ల పొడవున కొత్త ఫ్లైఓవర్. దానికీ ఆయన పేరే పెట్టారు.

మోటారు గురించి మాట్లాడేటప్పుడు మనం జర్మనీ, జపాన్, చైనా అంటాం. తొమ్మిది దశాబ్దాల కిందట, అదీ ఇంట్లో తెలుగు మాట్లాడే ఇద్దరు, ఈ ఊళ్లో స్టేటర్ (మోటారులో కదలకుండా ఉండే, తీగ చుట్టే భాగం) చుట్టి మోటారు తిప్పి చూపించారని మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యం ఉంటే బాగుండేది.

గురువారం, కోయంబత్తూరు

ఈ రోజు కోసమే వచ్చాను. ఊరి శివారులోని ఒక మధ్యతరహా కర్మాగారం. పేరు రాయవద్దన్న షరతు మీద చూడనిచ్చారు. ఒక వైపు పాతకాలం నుంచి చేస్తున్న పంపు మోటార్లు, మరో వైపు విద్యుత్ స్కూటర్లకు, సరుకు ఆటోలకు స్టేటర్లు. రెండూ ఒకే కప్పు కింద ఉండటం నాకు మంచి పాఠమైంది.

మొదట స్టాంపింగు. స్టేటర్ అంటే ఒకే ఇనుప దిమ్మ కాదు, పల్చటి ఉక్కు రేకులు వందల కొద్దీ పేర్చిన దొంతర. పంపు మోటారుకు అర మిల్లీమీటరు రేకు సరిపోతుంది. స్కూటరు మోటారుకు 0.35, కారు మోటారుకు 0.27, 0.25, ఇంకా సన్నం. కారణం వేగం. పంపు మోటారులో విద్యుత్తు సెకనుకు 50 సార్లు దిశ మార్చుకుని తిరిగి వస్తుంది. ఎనిమిది ధ్రువాల మోటారు నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే అది 400 సార్లు. రేకు మందం, ఆ వేగం, రెండింటి వర్గానికి తగినట్టు సుడి ప్రవాహాల (రేకు లోపలే సుడులు తిరిగే కరెంటు) నష్టం పెరుగుతుంది. అందుకే రేకు పల్చబడాలి, ఉక్కులో సిలికాన్ కలవాలి, ప్రతి రేకు మీదా విద్యుత్తు దాటని పూత ఉండాలి. ఈ రకం ఉక్కు మన దేశంలో రవుర్కెలాలోనూ, బళ్లారి దగ్గరి తోరణగల్లులోనూ తయారవుతుంది. బాగా సన్న రకాలు చాలావరకు దిగుమతేనని షాపు పర్యవేక్షకుడు చెప్పారు.

ప్రెస్సు దడదడమంటూ కొడుతుంటే ఆయన ఒక రేకు తీసి అంచు మీద గోరు పోనిచ్చారు. రేకు కోసే అచ్చు, అంటే డై, అరిగితే అంచున సన్నటి పొలుసు లేస్తుంది. పేర్చినప్పుడు ఆ పొలుసు పక్క రేకుకు తగిలి విద్యుత్తును దాటిస్తుంది, నష్టం పెరుగుతుంది, మోటారు వేడెక్కుతుంది. "సార్, డైకి సాన ఎప్పుడు పట్టాలో చెప్పే మనిషే ఈ షాపుకు ప్రాణం" అన్నారు.

తర్వాత వైండింగు. పంపు మోటార్ల బల్లల దగ్గర ఉన్నవాళ్లంతా ఆడవాళ్లే. ఒకామె పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఎదురుగా 24 స్లాట్ల (తీగ దూర్చే గాళ్ల) స్టేటర్. ముందు ఉత్త వేలితో ఒక్కొక్క స్లాటు అంచు తడుముతుంది. గరుకు తగిలితే చిన్న ఆకురాయితో ఒక్క రాపిడి. తర్వాత స్లాటులో పేపరు పెడుతుంది. అచ్చు మీద చుట్టి ఉంచిన రాగి కాయిల్‌ను విప్పి, నాలుగైదు తీగలు చొప్పున లోపలికి జార్చి, ఫైబరు పుల్లతో అడుగుకు నెడుతుంది. తీగ మీది ఎనామెల్ (విద్యుత్తు దాటని పూత) గీసుకుంటే అక్కడే మోటారు కాలుతుంది. మన పల్లెల్లో మోటారు కాలిపోయిందని ట్రాక్టరులో వేసుకుని వైండింగు షాపుకు తెచ్చే రైతుకు ఆ గీత విలువ తెలుసు. స్లాటు నిండాక పైన బద్ద బిగించి, బయటికి ఉబికిన తీగలను చెక్కసుత్తితో మెల్లగా తట్టి ఒద్దిక చేసి, నూలుదారంతో కుట్టేసింది. నేను తెలుగువాణ్నని తెలిశాక, "మేమూ ఇంట్లో తెలుగే మాట్లాడతాం సార్, చదవడం మాత్రం రాదు" అంది. పద్నాలుగేళ్లుగా ఈ బల్ల దగ్గరే ఉందట. ఆ వేళ్లకు తెలిసినది ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

గోడకు అవతల స్కూటరు స్టేటర్లు. ఇక్కడ తీగను సూది యంత్రం చుడుతుంది. సన్నటి ముక్కులోంచి తీగ జారుతూ ఒక్కొక్క పన్ను చుట్టూ తిరుగుతుంది. యంత్రం ఒకే బిగువుతో చుడుతుంది, అలసిపోదు. అయినా చివర కొసలు కలిపేది, స్లీవు తొడిగేది, ఉష్ణోగ్రత సెన్సరు తీగల మధ్య దూర్చి కట్టేది మనుషులే.

ఒక మూల కొత్తగా పెట్టిన హెయిర్‌పిన్ యంత్రం ఉంది. కార్ల మోటార్లకు ఇప్పుడు ఎక్కువగా ఈ పద్ధతే. గుండ్రటి తీగ బదులు చదునైన రాగి కడ్డీ. దాన్ని జడపిన్నులా వంచి స్టేటర్‌లోకి నిలువుగా దించుతారు. 48 స్లాట్లు, స్లాటుకు ఆరు కడ్డీలు అనుకుంటే 288 కాళ్లు, అంటే 144 పిన్నులు. అవతలి వైపు పైకి వచ్చిన కాళ్లను వరస వారీగా మెలిపెట్టి, జతలు కలిపి, లేజరుతో వెల్డు చేస్తారు. ఇంచుమించు పిన్నులెన్నో వెల్డులు అన్ని. వాటిలో ఒక్కటి సరిగా అతకకపోతే స్టేటర్ మొత్తం పనికిరాదు. గుండ్రటి తీగతో స్లాటులో సగం కూడా రాగితో నిండదు, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. చదునైన కడ్డీతో దాదాపు మూడింట రెండు వంతులు నిండుతుంది. అదే పరిమాణంలో ఎక్కువ బలం, తక్కువ వేడి. వెల్డు అయిన ఒక స్టేటర్‌ను చేతికిచ్చారు. కొసలన్నీ ఒకే ఎత్తులో, ఒకే మెరుపుతో ఉన్నాయి.

రెజిన్ పట్టించడం చివరి మెట్టు. స్టేటర్‌ను వేడిచేసి నెమ్మదిగా తిప్పుతూ తీగల మీద బొట్టుబొట్టుగా రెజిన్ పోస్తారు. అది తీగల సందుల్లోకి ఇంకి గట్టిపడుతుంది. తర్వాత పరీక్షలు. వాటిలో నాకు ముఖ్యమనిపించింది సర్జ్ పరీక్ష, అంటే హఠాత్తుగా పడే వోల్టేజీ దెబ్బకు తీగ పూత నిలుస్తుందా అని చూడటం. వాహనంలో బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే ఇన్వర్టరు సెకనుకు వేల సార్లు కరెంటును కొట్టి వదులుతుంది. ప్రతి దెబ్బా మొదటి చుట్ల ఎనామెల్ మీద పడుతుంది. పంపు మోటారుకు ఈ బాధ లేదు. అందుకే పంపులు చుట్టిన అనుభవం ఒక్కటే చాలదని, తీగ, పేపరు, రెజిన్ అన్నీ మార్చుకోవలసి వచ్చిందని పర్యవేక్షకుడు చెప్పారు. మార్చుకున్నారు కూడా. నాకు చాలా గర్వంగా అనిపించింది.

శుక్రవారం, దారిలో

అవినాశి, భవాని, సేలం మీదుగా బస్సు. సేలం దాటాక తొప్పూరు ఘాటులో ఎదురుగా వచ్చే లారీలన్నీ బ్రేకులు పట్టుకుంటూ దిగుతుంటాయి, బ్రేకుల వాసన బస్సులోకి వస్తుంది. దిగుడులో విద్యుత్ వాహనం మోటారే జనరేటరై బండిని ఆపుతూ బ్యాటరీకి కరెంటు తిరిగి ఇస్తుంది. తరగతిలో ఈ సంగతి చెప్పేటప్పుడు ఇకనుంచి తొప్పూరు ఘాటును ఉదాహరణగా చెబుతాను. చీకటిపడ్డాక హోసూరు చేరాను.

శనివారం, హోసూరు

హోసూరు తమిళనాడులోనే ఉన్నా బస్టాండులో, హోటల్లో, పూల అంగళ్లలో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. 1980లో టీవీఎస్ మోపెడ్లు ఇక్కడి నుంచే మొదలయ్యాయి. ఈథర్ స్కూటర్ల కర్మాగారం ఇక్కడ ఉంది, ఓలా కర్మాగారం ఇదే కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి దగ్గర ఉంది. వాటి చుట్టూ విడిభాగాలు చేసే చిన్నాపెద్దా సంస్థలు. అలాంటి ఒక చోట రోటర్లు, అంటే మోటారులో తిరిగే భాగాలు, చేయడం చూశాను. చూపించిన ఇంజినీరు కుప్పం అమ్మాయి, ఇక్కడే హాస్టల్లో ఉండి పనిచేస్తోంది.

రోటర్ గదిలోకి వెళ్లేముందు ఫోను, గడియారం, తాళాలు బయట పెట్టించారు. పనిముట్లన్నీ ఇత్తడివి, ప్లాస్టిక్‌వి. అయస్కాంతం ముక్కలు మాత్రం బూడిదరంగు బిళ్లల్లా అమాయకంగా ఉన్నాయి, ఇనుము దగ్గర పెట్టినా లాగలేదు. ఇంకా అయస్కాంతత్వం ఎక్కించలేదని ఆమె చెప్పింది. ముక్కలను రోటర్ రేకుల గాళ్లలో జిగురుతో అమర్చి, ఓవెన్లో ఆరబెట్టాక, రోటర్ మొత్తాన్ని ఒక పెద్ద కాయిల్ మధ్య దించారు. కెపాసిటర్లు నిండాయి, హెచ్చరిక దీపం వెలిగింది, ఢబ్ మని ఒక్క మోత. మిల్లీసెకన్లలో వేల ఆంపియర్లు ఆ కాయిల్ గుండా పోయాయి. పైకి తీసిన రోటర్ ఇప్పుడు పక్కన బోల్టు ఉంటే ఎగరేసి లాక్కుంటుంది.

అందుకే దాన్ని స్టేటర్‌లోకి చేత్తో దించరు. నిలువు ప్రెస్సులో పైనా కిందా కేంద్రం పట్టి నిలిపి దించుతారు. రెండింటి మధ్య సందు ముప్పావు మిల్లీమీటరు. ఒక పక్కకు ఒరిగితే అటే అతుక్కుంటుంది, అయస్కాంతం పెచ్చు లేస్తుంది. దానికంటే ముందు తూకం సరిచేస్తారు. రోటర్‌ను తిప్పి, బరువు ఎక్కువైన వైపు చివరి పళ్లెంలో చిన్న గుంటలు తవ్వి లోహం తీసేస్తారు. చివరగా పరీక్ష బల్ల: మరో మోటారుతో దీన్ని తిప్పించి ఎంత వోల్టేజీ పుడుతుందో చూస్తారు. అది తగ్గితే ఏదో ఒక అయస్కాంతం బలహీనంగా ఉన్నట్టు.

టీ తాగుతూ 2025 ఏప్రిల్ సంగతి చెప్పింది. ఆ నెల 4న చైనా ఏడు అరుదైన మృత్తిక లోహాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి అనుమతులు తప్పనిసరి చేసింది. ఆ ఏడింటిలో డిస్ప్రోసియం, టెర్బియం ఉన్నాయి. నియోడిమియం అయస్కాంతం దాదాపు 310 డిగ్రీల దగ్గర పూర్తిగా చచ్చిపోతుంది, దానికి చాలా ముందే, మోటారులో మామూలుగా వచ్చే వేడికే పట్టు సడలుతుంది. కొద్దిగా డిస్ప్రోసియం కలిపితే నిలబడుతుంది. "సార్, పెట్టెలు రావాలంటే ఏ వాహనంలో, దేనికి వాడతామో రాసి, సంతకాలు పెట్టించి పంపాలి. కాగితాలు తిరుగుతూ ఉండేవి, మా లైను ఆగి ఉండేది" అంది. మన మోనజైట్‌లో నియోడిమియం ఉంది కానీ తీయదగినంత డిస్ప్రోసియం లేదు. కాబట్టి కర్మాగారాలు కట్టినా ఆ భాగం కోసం వేరే దారి వెతకాల్సిందే.

వెతుకుతున్నారు. పక్క బల్ల మీద ఫెర్రైట్ అయస్కాంతాల నమూనా మోటారు ఉంది. ఫెర్రైట్ అంటే ప్రధానంగా ఇనుప ఆక్సైడు, స్పీకర్లలో ఉండేదే. చవక, దిగుమతి బెంగ లేదు. బలం మాత్రం నియోడిమియం రకంలో మూడోవంతు. ఆ లోటు పూడ్చడానికి రోటర్ ఇనుములోనే గాళ్లు ప్రత్యేకంగా తీర్చి, ఇనుము ఆకర్షణతో కూడా తిప్పుతారు, మోటారు పొడవు పెంచుతారు. దీనికి వేడి భయం తక్కువ, చలి భయం ఎక్కువ. చల్లబడే కొద్దీ ఫెర్రైట్ తన అయస్కాంతత్వాన్ని పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే ఆ నమూనాను శీతల పెట్టెలో పెట్టి, పూర్తి కరెంటు ఇచ్చి చూస్తున్నారు. 2025 చివర్లో ఓలా తన ఫెర్రైట్ మోటారుకు ధ్రువీకరణ వచ్చిందని ప్రకటించాక ఇక్కడ అందరిలో పట్టుదల పెరిగిందట.

ఆదివారం, హోసూరు

కర్మాగారాలకు సెలవు. రీవైండింగు షాపుకు సెలవు లేదు. బస్టాండు వెనక సందులో, పంపు మోటార్ల మధ్య ఒక స్కూటరు చక్రం విప్పి ఉంది. షాపు యజమానిని అన్నా అని పలకరించాను. తెలుగాయనే. హబ్ మోటారు విప్పడానికి సొంతంగా పుల్లరు (లాగి విడదీసే పనిముట్టు) చేసుకున్నారు. ఉంగరం లోపల అంటించిన అయస్కాంతాలు స్టేటర్‌ను వదలవు కదా. నీళ్లు దిగి, అయస్కాంతాలు ఎక్కడున్నాయో కనిపెట్టే మూడు హాల్ సెన్సర్లలో ఒకటి పోయింది. పాతది తీసి, అదే ముఖం పైకి ఉండేలా కొత్తది అంటించి, తీగలు అతికి, మూత బిగించే ముందు చేత్తో చక్రం తిప్పి మూడింటినీ మీటరుతో చూసుకున్నారు. కొన్ని రూపాయల వస్తువు. బయట దీనికే మోటారు మొత్తం మార్చాలన్నారని బండి యజమాని వాపోతున్నాడు.

ఆయన నోటుపుస్తకం చూడమన్నారు. కాలిన ప్రతి కొత్తరకం స్టేటర్‌నూ కోసేముందు చుట్లు లెక్కపెట్టి, ఎన్ని తీగలు కలిపి చుట్టారో, ఏ గేజో, ఏ పన్ను నుంచి ఏ పన్నుకు వెళ్లిందో రాసి, బొమ్మ వేసిపెట్టారు. పంపు కంపెనీల వైండింగు లెక్కలు ఊరూరా షాపుల్లో దొరుకుతాయి, స్కూటర్లవి ఎవరూ ఇవ్వరట. హెయిర్‌పిన్ మోటారు వస్తే ఏం చేస్తారని అడిగాను. "అది మా చేతుల్లో లేదు సార్. కడ్డీ వెల్డు విప్పి మళ్లీ కట్టలేం. స్టేటర్ ఒక్కటీ విడిగా అమ్మితే మార్చి ఇవ్వగలం" అన్నారు.

ఆయన కోరిక న్యాయమైనది. వైండింగు వివరాలూ, విడి స్టేటర్లూ అందరికీ అందేలా తయారీదారులను ప్రభుత్వం ఒప్పించాలి. వారంటీ ముగిశాక ఈ బండ్లన్నీ చివరికి ఇలాంటి సందుల్లోకే వస్తాయి. నోటుపుస్తకంలోని కొన్ని పేజీలను ఆయన అనుమతితో ఫోటో తీసుకున్నాను. వచ్చే సెమిస్టరు ప్రయోగశాలలో పిల్లలు మొదట చుట్టబోయేది అందులోని మూడో పేజీ స్టేటరే.